నానీ కుర్తా

మే మాసపు కరీంనగరం ఎండ ఎట్టిదో ఈ సంచిక చదువరులకు నేను వర్ణింపనక్కరలేదు. పత్తికి పేరుగాంచిన ఆదిలాబాదు నల్లరేగడి నేలలు పొరుగుననే ఉండగా, ఆ ఎండలో మనము పాలిస్టరు ధరించి ఉక్కపోతను నిందించుచున్నాము! నేనును అందుకు మినహాయింపు కాను.

మా నానీ పెళ్ళినాడు తానే కుట్టుకొన్న మల్మల్ కలీదార్ కుర్తా ఒకటి ట్రంకుపెట్టెలో ఉన్నది. అటువంటిది కుట్టుకొనవలెనని నాకు కోరిక కలిగినది. కాని కొలతలు ఏ కాగితము మీదను లేవు. అవి ఆమె జానలోను, వేళ్ళలోను ఉన్నవి. చూపు పోయినందున ఆమె కత్తెర పట్టుట మానివేసి చాలా ఏండ్లయినది.

"కుట్లు విప్పు బేటీ, బట్టే చెప్తది" అన్నది నానీ. అమ్మీ ఒప్పుకొనలేదు. మిగిలినది ఆ ఒక్కటే కదా! రెండు దినములు ఇంట మాటలు లేవు. చివరకు అమ్మీయే సూది తెచ్చి నా చేతికిచ్చినది.

విప్పి చూచినచో ఆశ్చర్యము కలిగినది. దాదాపు అన్నియు తిన్నని ముక్కలే. ఒక దీర్ఘచతురస్రమును ఐమూలగా కత్తిరించినచో రెండు కలీలు వచ్చును. పీలిక కూడ వృథా కాదు. చంకక్రింద చౌబగల అను చదరపు ముక్క. దానివలన చేయి ఎత్తినను భుజము వద్ద బట్ట లాగదు.

మూడు మీటర్ల మల్మల్‌ను రాత్రి నీటిలో నానవేసి, నీడలో ఆరవేసి, కత్తిరించితిని. తొందరలో ఐమూల అంచును ఐమూల అంచుకే జతచేసినందున ఘేరు సాగి అలలవలె వ్రేలాడినది. మిషను కుట్టంతయు విప్పి, ఐమూల అంచునకు తిన్నని అంచు కలిపి, చేతితో బఖియా వేసితిని.

ఆ కుర్తా తొడిగి నానీని ఆమె పుట్టినూరు ఎల్గందల్‌కు తీసికొనిపోతిని. కచేరీలు కరీంనగరానికి తరలిపోవువరకు జిల్లా కేంద్రము ఆ ఊరే. నానీ క్రిందనే చెట్టునీడన కూర్చున్నది. నేను కోటమెట్లెక్కితిని, పైన మానేరు గాలికి కలీలు నాలుగు ప్రక్కల విచ్చుకొన్నవి.

దిగివచ్చిన పిమ్మట "చేయి ఎత్తు" అన్నది. చంకక్రింద చౌబగల నాలుగు మూలలను వ్రేళ్ళతో తడిమి, మూడవ మూల వద్ద ఆగినది.

"ఇక్కడ కుట్టు వంకర పోయింది."

నిజమే. ఇంటికి వచ్చి ఆ మూలను సరిచేసితిని. ఆమె పాత కుర్తాను మరల జతపరచుటకు మాత్రము ఇంకను రెండు కలీలు మిగిలియున్నవి.