బెండకాయయు లెక్కలును

బెండకాయ తిన్నచో లెక్కలు వచ్చునను మాట విననివారు మీలో ఒక్కరైన ఉందురని నేననుకొనను. మన తల్లులు మనకు చెప్పిరి. మనము మన బిడ్డలకు చెప్పుచున్నాము. జిగురుగానుండు ఆ కూరను పిల్లలు నోట పెట్టరు గనుక ఏ గృహిణియో కనిపెట్టిన యుపాయమిది కాబోలు. గింజ మింగిన కడుపులో చెట్టు మొలచుననియు, బియ్యము బుక్కిన పెండ్లినాడు వాన కురియుననియు, కాఫీ త్రాగిన మేను నల్లబడుననియు చెప్పు మాటలును ఈ తెగలోనివే. వీనియందు హాని యేమున్నదని మీరడుగవచ్చును. మొన్నమొన్నటి వఱకు నేనును అట్లే యడిగియుందును.

నా సంగతి ముందు విన్నవించెదను. నన్ను బడికి పంపలేదు. మా తాతగారు ఇంటివద్దనే అమరము వల్లెవేయించి, రఘువంశమును, భారతమున ఆది సభాపర్వములను, మనుచరిత్రమును చెప్పిరి. పద్యమునకు అన్వయము చెప్పుటలో నేను తడబడినది లేదు. లెక్కల చదువు మాత్రము పండ్రెండవ యెక్కముతో ముగిసినది. తాతగారు "పదమూడేళ్ళు?" అని యడుగగా నేను నేల చూచుచు నిలుచుండెడిదానను. మా అమ్మ వంటయింటినుండి, "రేపటినుండి దీనికి బెండకాయ పెట్టెదను లెండి" అనెడిది. పెట్టినది. వేపుడు, పులుసు, పచ్చడి, మజ్జిగపులుసు! పెరటిలోని రెండు మళ్ళ బెండతోటను నేనొక్కతెనే హరించితిననిన అతిశయోక్తి కాదు. పదమూడవ యెక్కము మాత్రము రాలేదు.

హాని యున్నది ఇక్కడనే. పెద్దల మాట కల్లయగునని ఎనిమిదేండ్ల పిల్లకు తోచదు. మందు మంచిదే, రోగమే మొండిదని తోచును. అందఱికి పనిచేయు బెండకాయ నాకొక్కదానికి పనిచేయకున్నదనిన, లోపము నా తలలోనే యున్నదని నిశ్చయించుకొంటిని. ఆ నిశ్చయము నాతోపాటు అత్తవారింటికి వచ్చినది.

దైవము చమత్కారి. నన్ను లెక్కల మాస్టరుగారికే ఇచ్చి పెండ్లిచేసిరి. పాలవాని పద్దు, చాకలిపద్దు వచ్చినప్పుడెల్ల కాగితమును మడిచి బీరువాలో పెట్టి, "లెక్క సరిపోయినదండీ" అని మావారితో చెప్పుచుంటిని. సరిపోయినదో లేదో నేనెఱుగను. పాతివ్రత్యమును గూర్చి ఎన్ని పుటలు చదివినను, పాలపద్దు విషయమున మగనితో అబద్ధమాడరాదని యెందును వ్రాసినట్లు జ్ఞాపకము లేదు!

మా పెద్దమ్మాయికి ఇప్పుడు తొమ్మిదేండ్లు. బడిలో భాగహారము మొదలుపెట్టిన నాటినుండి దానికి పరీక్షనాటి యుదయమున కడుపునొప్పి వచ్చుచుండెను. నేనేమి చేసితిని? బెండకాయ వేపుడు పెట్టి, "తినుము తల్లీ, నూటికి నూరు వచ్చును" అంటిని. ఆ కూర యనిన దానికి వెగటు. అయినను కన్నులు మూసికొని నీళ్ళతో మింగినది. 25కి 7 మార్కులు వచ్చినవి. ఆ రాత్రి నా ప్రక్కలో పండుకొని, చాలసేపు మాటలాడక, తుదకు, "అమ్మా, నేను తిన్నవి చాలలేదా? ఇంకా ఎన్ని తినాలి?" అని యడిగినది.

నాకు కన్నీరాగలేదు. ఏ గ్రంథములోని ఏ మాటయు అక్కఱకు రాలేదు. "నాకు కూడా పనిచేయలేదే తల్లీ" అని మాత్రము చెప్పగలిగితిని. అది చటుక్కున లేచి కూర్చుండి, "నీకు కూడానా?" అనెను. దాని గొంతులో ఆశ్చర్యముకంటె ఊరటయే యెక్కువగా వినవచ్చినది.

మఱునాడు మావారితో అంతయు చెప్పితిని, బీరువాలోని పద్దులతో సహా. నవ్వుదురనుకొంటిని, నవ్వలేదు. ఇట్టి పిల్లలను తాము ఏటేట చూచుచున్నామనిరి. లెక్క చేయునప్పుడు అంకెలను మనస్సున నిలుపుకొనవలెను గదా. భయము ఆ తావునే ఆక్రమించుకొనిన అంకెలకు చోటెక్కడిది అనిరి. 2010వ సంవత్సరమున షికాగో విశ్వవిద్యాలయమువారు ప్రకటించిన పరిశోధననొకదానిని గూర్చి చెప్పిరి. చిన్న తరగతుల పంతులమ్మలకు లెక్కలన్న భయము హెచ్చుగానున్నచోట, లెక్కలు మగపిల్లల సొత్తనెడి నమ్మకము ఏడాది ముగియుసరికి బాలికలలో హెచ్చెనట. అట్లు నమ్మినవారు లెక్కలలో వెనుకబడిరట. మగపిల్లలయందు అట్టి మార్పు కానరాలేదట. పంతులమ్మల మాట అట్లుండగా, తల్లి మాట చెప్పవలెనా? ఇక బెండకాయలో పీచు, విటమిను సి, ఫోలేటు కలవనియు, దేహమునకు మేలనియు, ఎక్కములకు మాత్రము దానితో ప్రసక్తి లేదనియు వారే చెప్పిరి.

అప్పుడు మా నాయనమ్మ జ్ఞప్తికి వచ్చినది. ఆమెకు వ్రాలుచేయుట కూడ రాదు. అయినను కళ్ళములో ధాన్యము పంచునప్పుడు కాలు, పరక, వీసము, అరవీసమని వ్రేళ్ళ కణుపులమీదనే తేల్చి చెప్పెడిది. పరక యనగా ఎనిమిదవ పాలు, వీసమనగా పదునాఱవ పాలు. నేటి పిల్లలు భిన్నములని భయపడునవి యవియే గదా! భాస్కరాచార్యుడు 1150లో రచించిన లీలావతిలో లెక్కలు పెక్కింటిని ఒక బాలికనే సంబోధించి యడిగెను. మన భాషలో పావులూరి మల్లన గణితమును పద్యములలోనే చెప్పెను. పద్యమనిన ప్రాణమిచ్చు నాకు ఆ గ్రంథమును తాతగారు చూపలేదు, నేనడుగనును లేదు. బడిచదువు అంతగా లేని బెంగుళూరి శకుంతలాదేవి 1980లో లండనునగరమున, రెండు పదమూడంకెల సంఖ్యలను 28 సెకండ్లలో గుణించి చెప్పినది. పదమూడవ యెక్కమువద్దనే ఆగిపోయిన నేను ఈ మాట విని చాలసేపు ఊరకుంటిని.

ఆ వారము రాత్రులందు అమ్మాయియు నేనును బీరువాలోని పద్దులు తీసి కూడితిమి. మూడుమార్లు కూడిన మూడు మొత్తములు వచ్చినవి. నాలుగవమారు తేలినదేమనగా, పాలవానికి మేమే నలువది రూపాయలు తక్కువ ఇచ్చియుంటిమి. ఇన్నాళ్ళును వాడే నన్ను మోసగించుచున్నాడేమోనని లోలోన అనుమానించితిని గదా యని సిగ్గు కలిగినది.

ఆదివారము నాడు బెండకాయలు కడిగి, తుడిచి, అమ్మాయి ముందు పోసితిని. లెక్కింపగా నలువదిమూడు. ఇంటిలో అత్తగారితో కలిపి ఐదుగురము. తలకెనిమిది పోగా మూడు మిగిలినవి. ఆ మూటిని ఐదుగురికి పంచుటెట్లో నాకు నిజముగనే తోచలేదు. అది కత్తిపీట ప్రక్కన కూర్చుండి ఒక కాయను అడ్డముగ కోయించి, ఐదు మూలల చుక్కవలెనున్న ఆ తునుకను తేఱిపాఱజూచి, "ఒక్కొక్కటి అయిదు ముక్కలు చేస్తే సరి. తలకి మూడు ముక్కలు" అనెను. పిమ్మట నావైపు తిరిగి, "అమ్మా, పదమూడేళ్ళు?" అనినది. పదులేడు డెబ్బది, మూడేళ్ళు ఇరువదియొకటి యని వ్రేళ్ళు ముడుచుచు తొంబదియొకటి యనుసరికి పొయ్యిమీది పోపు మాడినది.

భోజనమునకు కూర్చుండినప్పుడు, తన వంతు ఎనిమిదింటిని, ఆ మూడు ముక్కలను తమ్మునికి ఇచ్చివేయవచ్చునా యని అడిగినది. ఇమ్మంటిని.