ఎవరి పోలిక?

మన ఇళ్ళలో పిల్లాడు పుట్టగానే పంపకాలు మొదలవుతాయి. ఆస్తి పంపకాలు కావు, పోలికల పంపకాలు. ముక్కు తాతగారిది, నుదురు మేనత్తది, నవ్వితే అచ్చం వాళ్ళ నాన్నే. ఈ పంపకాలలో తల్లి వాటాకి ఎప్పుడూ కాస్త తక్కువే వస్తుంది. వాణ్ణి బళ్ళో వేశాక మార్కులు రాకపోతే మాత్రం, ఆ పోలిక మొత్తం ఆవిడ పేరనే రాసేస్తారు. “మా వంశంలో చదువు రానివాళ్ళు లేరమ్మా!” అన్న మాట వినని కోడళ్ళు అరుదు.

చదువు రాకపోవడం వేరు, చదవడం రాకపోవడం వేరు. తెలివి ఉంటుంది, చూపూ వినికిడీ బాగానే ఉంటాయి, బడికి రోజూ వెళ్తూనే ఉంటాడు. అచ్చులో ఉన్న మాట మాత్రం నోటికి రాదు. దీన్నే డిస్లెక్సియా అంటారు. ఈ పేరు పెట్టింది 1887లో రుడాల్ఫ్ బెర్లిన్ అనే జర్మన్ కంటి డాక్టరు. పెద్దయ్యాక మెదడు దెబ్బతిని, చదవడం పోగొట్టుకున్న వాళ్ళను చూసి ఆయన పెట్టిన పేరది. పుట్టుకతోనే ఇలా ఉండే పిల్లలుంటారని లోకానికి చెప్పినవాడు ఇంగ్లండులోని ప్రింగిల్ మోర్గన్ అనే డాక్టరు. 1896లో ఆయన పర్సీ అనే 14 ఏళ్ళ కుర్రాడి గురించి రాశాడు. కుర్రాడు చురుకైనవాడు. ఆటల్లో ఎవరికీ తీసిపోడు. లెక్కలంటే ఇష్టం. తన పేరు రాయమంటే మాత్రం అక్షరాలు అటూ ఇటూ అయి ‘పర్సీ’ కాస్తా ‘ప్రెసీ’ అయిపోయేది! పాఠాలన్నీ నోటితో చెప్పి నోటితోనే అప్పగించుకుంటే బళ్ళో వాణ్ణి మించినవాడు ఉండడని వాళ్ళ మాస్టారే అన్నారట.

ఇలాంటి పర్సీలు మన వీధుల్లోనూ ఉన్నారు. నాకు తెలిసిన ఒకావిడ కొడుకు నాలుగో తరగతి. టార్చిలైటు విప్పి మళ్ళీ బిగించేస్తాడు. సినిమా చూసొస్తే డైలాగులతో సహా కథంతా చెబుతాడు. పుస్తకం తెరిస్తే మాత్రం మొదటి అక్షరం చూసి మిగతాది ఊహిస్తాడు. ‘పలక’ అని ఉంటే ‘పడవ’ అంటాడు. వత్తు కనబడితే చూడనట్టు దాటేస్తాడు. “అంతా మీ పుట్టింటి పోలికే” అని అత్తగారు. “ఒళ్ళు బద్ధకం, రెండు తగిలిస్తే అదే వస్తుంది” అని భర్త. రోజూ రాత్రి ఆ ఇంట్లో పాఠం ఏడుపుతో మొదలై ఏడుపుతో ముగిసేది. పాపం, ఆ తల్లి ఇద్దరి మధ్యా నలిగిపోయింది.

ఆఖరికి ఎవరో చెప్పగా పిల్లల సైకాలజిస్టు దగ్గరికి వెళ్ళారు. ఆవిడ పిల్లాడికి రకరకాల పరీక్షలు పెట్టి, చివర్లో అడిగిందట: “మీ ఇళ్ళలో ఇంకెవరికైనా చదవడం ఇలా కష్టంగా ఉండేదా?” ఈవిడ తన అన్నదమ్ముల్ని ఒక్కొక్కళ్ళనే గుర్తు చేసుకుంటూ ఉండగానే భర్త నెమ్మదిగా అన్నాడట: “నాకేనండి. టెన్త్ దాకా మా అక్క పాఠాలు చదివి వినిపించేది. విని కంఠతా పట్టి గట్టెక్కాను.”

పన్నెండేళ్ళ కాపురంలో ఆయన పేపర్లో హెడ్డింగులకు మించి చదవకపోవడం, బ్యాంకు ఫారాలన్నీ “నీ దస్తూరీ బావుంటుంది” అంటూ తనచేతే నింపించడం, వీటికి అర్థం ఆవిడకి ఆ రోజు తెలిసింది. కొట్టినప్పుడల్లా ఆయన కొట్టింది ఎవర్నో కూడా తెలిసింది.

అయితే పోలిక తండ్రిదేనా? అత్తగారి నోరు మూయించడానికి భలే ఆయుధం దొరికిందని సంబరపడకండి. సంగతి అంత సులువుగా లేదు. కవల పిల్లల్ని పరీక్షించి చూస్తే, ఒకే పోలికతో పుట్టిన కవలల్లో ఒకరికి ఈ ఇబ్బంది ఉంటే రెండోవారికీ ఉండటం, మామూలు కవలల్లో కంటే ఎక్కువ. వంశపారంపర్యం ఉందనడానికి ఇదే సాక్ష్యం. 1983లో అమెరికాలో కొన్ని కుటుంబాలను పరిశీలించి, దీని మూలం 15వ క్రోమోజోములో ఉందన్నారు. తరవాత 6వ దానిలోనూ ఉందన్నారు. 2022లో డిస్లెక్సియా ఉన్న 51 వేలమంది పైచిలుకు పెద్దవాళ్ళ జన్యువులను, అది లేని పది లక్షలమంది జన్యువులతో పోల్చి చూస్తే, ఒకటీ రెండూ కాదు, 42 చోట్ల తేడాలు కనబడ్డాయి. ఒక్కొక్కటీ చేసేది ఆవగింజంత. పులుసులో ఉప్పు ఎక్కువైతే ఎవరు వేశారో చెప్పొచ్చుగాని, నలభై రెండు చేతులు తలో చిటికెడు వేస్తే ఎవర్ని అడుగుతాం? అందులో కొన్ని చిటికెలు అటువైపువి, కొన్ని ఇటువైపువి. తల్లికో తండ్రికో ఉన్నా, పిల్లలందరికీ వచ్చి తీరాలనీ లేదు. సగానికి పైగా పిల్లలు తప్పించుకుంటారు.

ఇంతకీ ఈ జన్యువులు చేసేదేమిటి? మాట్లాడటం మనిషికి అనాదిగా అబ్బిన విద్య. రాత పుట్టి అయిదు వేల ఏళ్ళు దాటిందేమో, అంతే. అందుకని మెదడులో చదువుకి సొంత గది లేదు. అది అద్దెకుంటుంది. మాటలోని చప్పుళ్ళను పోల్చుకునే గది ఒకటి, వస్తువుల రూపాలను గుర్తుపట్టే గది ఇంకొకటి. ఈ రెంటినీ కలిపి చదువు కాపురం పెడుతుంది. ఎక్కువగా ఎడమవైపున, చెవి పైనా వెనకా ఉంటాయివి. డిస్లెక్సియా ఉన్నవాళ్ళు చదివేటప్పుడు స్కానింగు తీసి చూస్తే, ఆ గదుల్లో దీపాలు మందంగా వెలుగుతున్నాయని తేలింది. తెలివికీ దీనికీ సంబంధం లేదు. బద్ధకానికి అసలే లేదు.

“మన తెలుగు పలికినట్టే రాస్తాం కదా, మనకెందుకుంటుంది?” అనేవాళ్ళున్నారు. ఇటాలియన్ కూడా ఇంచుమించు అంతే. 2001లో ఇటలీ, ఫ్రాన్సు, ఇంగ్లండు దేశాలలో ఇలాంటివాళ్ళను పోల్చి చూశారు. ఇటలీవాళ్ళు మిగతావాళ్ళకంటే తప్పుల్లేకుండా చదివారు. కాని స్కానింగులో ముగ్గురి మెదడుదీ ఒకటే కథ. అంటే సులువైన లిపి ఇబ్బందిని తీసెయ్యదు, కొంత కప్పుతుందంతే. పైగా మనకి గుణింతాలూ, వత్తులూ ఉండనే ఉన్నాయి! అందుకే ఏ భాష పిల్లల్ని ఆ భాషలోనే పరీక్షించాలి. మానేసర్‌లోని జాతీయ మెదడు పరిశోధన కేంద్రంలో నందినీ ఛటర్జీ సింగ్ బృందం హిందీ, మరాఠీ, కన్నడ, ఇంగ్లీషు భాషలకు ఇలాంటి పరీక్షలు తయారుచేసి 2015లో బయటికి తెచ్చింది.

వంశంలో ఉందంటే నుదుటి రాత అనుకుని చేతులు ముడుచుకోనక్కరలేదు. అక్షరానికీ చప్పుడుకీ ముడి వేస్తూ, మాటను ముక్కలు చేసి, మళ్ళీ కలిపి, రోజూ కొంచెం కొంచెంగా ఓర్పుగా నేర్పితే పిల్లలు చదువుతారు. అలా నేర్పాక ఆ మందపు దీపాలు కాస్త ప్రకాశించినట్టు 2003లో అమెరికాలో తీసిన స్కానింగుల్లో కనబడింది కూడా. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో ఈ ఇబ్బందిని చేర్చారు. సర్టిఫికెట్టు ఉంటే సీబీఎస్ఈ పరీక్షల్లో గంటకి 20 నిమిషాలు అదనంగా ఇస్తారు, కావాలంటే రాసిపెట్టే మనిషినీ అనుమతిస్తారు. అడగడానికి సిగ్గుపడకూడదు. కళ్ళజోడు పెట్టుకోవడానికి సిగ్గుపడుతున్నామా?

నేను చెప్పిన ఆవిడకి ఇంకో పిల్ల ఉంది, మూడేళ్ళది. ఇప్పట్నించే దానితో మాటలాటలు ఆడుతోంది. ‘కాకి’లో మొదటి చప్పుడేమిటి, ‘తాత’కి ప్రాస ఏమిటి అని. రాకపోతే ఆలస్యం చెయ్యకుండా చూపించుకోవచ్చని. తండ్రి ఇప్పుడు కొట్టడం లేదు. కొడుకు పక్కన కూచుని వాడితోపాటు వేలుపెట్టి కూడబలుక్కుంటున్నాడు. మొన్న అత్తగారు, “మా మామగారికి పత్రం మీద సంతకం పెట్టాలంటే అరగంట పట్టేది” అని తనంతట తనే బయటపెట్టారట.

కనక, ఎవరి పోలిక అని తప్పకుండా అడగండి. తగువులాడటానికి కాదు, తరవాతి పిల్లని తొందరగా కనిపెట్టడానికి.