ప్రాంత మనగా నేమి?

ఈ సంచికకు ఏదేని యొక వ్యాసము వ్రాయుడని సంఘ కార్యదర్శిగారు కోరిరి. మేము ఎన్నుకొనిన విషయము విని వారు కొంత ఆశ్చర్యపడిరి. మా చదువు మెట్రిక్యులేషనుతో ముగిసినది. పిమ్మట ముప్పదియేడు సంవత్సరములు రైల్వే గూడ్సు ఆఫీసులో గుమాస్తాగా పని చేసి విరమించితిమి. అట్టి మేము కళాశాలలో బోధింపబడు ప్రపంచ ప్రాంతీయ భూగోళమును గూర్చి వ్రాయబూనుట సాహసమే. అయినను రెండేండ్లుగా బరంపురమున మా యింట సాయంకాలములు ఆ శాస్త్రముతోనే గడచుచున్నవి. మా మనుమరాలు బి.ఏ.లో భూగోళశాస్త్రమును ప్రధాన విషయముగా తీసికొన్నది. ఆమె పాఠము చదువును, మేము విందుము, తెలియనిచోట అడుగుదుము.

ఆమె ఈ శాస్త్రమును కోరుకొనుట బంధువులలో పెక్కుమందికి రుచింపలేదు. “నదుల పేర్లు, రాజధానుల పేర్లు వల్లించుటకు కళాశాల యేల? కామర్సు చదివినచో బ్యాంకులోనైన ఉద్యోగము దొరకును గదా!” అనిరి. వారిని తప్పు పట్టజాలము. మా బడి దినములలో భూగోళమనగా పేర్ల పట్టికయే. పటము గీచి, సముద్రమునకు నీలిరంగు పూసినచో మార్కులు వచ్చెడివి. ఉద్యోగములో చేరిన పిదప ఊళ్ల పేర్లు మరికొన్ని వేలు తెలిసినవి. ఏ సరకు ఎచ్చటినుండి ఎచ్చటికి పోవునో రసీదు చూచి చెప్పగలిగెడివారము. ఏల పోవునో మాత్రము మాకెవ్వరును చెప్పలేదు. ఆ “ఏల” అనుదానికి సమాధానము వెదకుటయే కళాశాల భూగోళమని ఇప్పుడు తెలియుచున్నది.

అందు మొదటి పాఠమే మమ్ము ఆలోచింపజేసినది. ప్రాంతమనునది నేలపై ముందే గీయబడియున్న వస్తువు కాదట. ఈ విశాల ప్రపంచమును అర్థము చేసికొనుటకై మానవుడు చేసికొనిన విభాగము మాత్రమేనట. 1905లో హెర్బర్ట్‌సన్ అను పండితుడు రాజ్యముల హద్దులను ప్రక్కనబెట్టి, నేలతీరు, శీతోష్ణస్థితి, వృక్షసంపద అనువానినిబట్టి భూమినంతను సహజ ప్రాంతములుగా విభజించెను. ఆ దృష్టితో చూచినచో మధ్యధరా తీరము, కాలిఫోర్నియా, మధ్య చిలీ, దక్షిణాఫ్రికాలోని కేపు సీమ, ఆస్ట్రేలియా నైరృతి మూల ఒక్క కుటుంబములోనివే. అన్నిచోట్లను వానలు చలికాలమున కురియును, వేసవి పొడిగా నుండును, ద్రాక్ష పండును. అంతకు రెండేండ్ల ముందు, 1903లో, ఫ్రాన్సుదేశమున విదాల్ ద లా బ్లాష్ తన దేశపు సీమలను వర్ణించుచు, ప్రకృతి అవకాశములను మాత్రమే ఇచ్చుననియు, వానిలో దేనిని ఎన్నుకొనవలెనో మనుష్యుడే నిర్ణయించుకొనుననియు చూపెను.

ప్రాంతములు రెండు విధములని మరియొక పాఠము. ఒకే లక్షణము అంతటను వ్యాపించియుండునది ఒకటి. వరి పండు సీమ, ఒక భాష వ్యవహారములోనున్న సీమ ఇట్టివి. ఒక కేంద్రము చుట్టును అల్లుకొనునది రెండవది. గంజాము పల్లెలనుండి వస్త్రములకును, వైద్యమునకును బరంపురము వచ్చువారందరు నొక ప్రాంతమువారే. వారిలో ఒడియా మాటలాడువారును గలరు, తెలుగు మాటలాడువారును గలరు. ఈ రెండు విధముల ప్రాంతములకును హద్దులు ఒకచోట కలియవు. ఒక ప్రాంతము మరియొకదానిలోనికి మెల్లమెల్లగా కరగిపోవు తావులును గలవు. సహారా ఎడారికి దక్షిణమున నున్న సాహెలు అట్టి సంధి మండలము. పశువుల మేపువారు, సేద్యము చేయువారు అచ్చట ఒకరినొకరు ఆశ్రయించియు, ఒకరితోనొకరు పెనగులాడియు బ్రతుకుచుందురు.

ఒక సాయంకాలము దక్షిణాసియా అధ్యాయము ముగిసి, ఆగ్నేయాసియా ప్రారంభమైనది. హద్దు భారతదేశమునకును బర్మాకును నడుమ పడినది. మనుమరాలు పుస్తకము మూసి, “తాతయ్యా, మీ తాతగారు పోయిన రంగూను మన ప్రాంతము కాదట!” అనెను.

మా తాతగారు 1920 దశకమున గోపాలపురము రేవులో స్టీమరెక్కి రంగూను పోయిరి. మన పెద్దలు దానిని రంగమనెడివారు. గంజాము, విశాఖపట్టణము, గోదావరి జిల్లాలనుండి అట్లు పోయినవారు లెక్కకు మిక్కిలి. బర్మాలో తెలుగువారికి కొరంగీలను పేరు కలుగుటకు యానాము చేరువనున్న కొరంగి రేవే కారణము. ఇంతమంది ఏల పోయిరి? దీనికిని భూగోళమే సమాధానము చెప్పుచున్నది. 1852లో దిగువ బర్మా ఆంగ్లేయుల వశమైన పిమ్మట ఐరావతి నదీముఖమునందలి అడవులు కొట్టి వరిపొలములు చేసిరి. 1869లో సూయజు కాలువ తెరచుటతో ఐరోపాకు దారి దగ్గరయ్యెను. అచ్చట నేల విస్తారము, జనము స్వల్పము. ఈ తీరమున జనము అధికము, కరవులు తరచు. 1866నాటి కరవు గంజామును గూడ పీడించినది. కోతలకును, ఆపై మిల్లులలో పనికిని అచ్చట చేతులు కావలసివచ్చెను. బంగాళాఖాతము ఆ రెండు తీరములను వేరుచేయలేదు, కలిపినది. 1931 జనాభా లెక్కలనాటికి రంగూను పట్టణములో సగమునకు మించి భారతీయులే.

మరియొక సంగతి మాకు మిక్కిలి ముచ్చట గొలిపినది. డడ్లీ స్టాంపు 1923 నుండి 1926 వరకు రంగూను విశ్వవిద్యాలయమున ఆచార్యుడు. 1929లో ఆసియా ఖండపు ప్రాంతీయ భూగోళమును ప్రకటించెను. 1954లో భారత పాకిస్తానుల ప్రాంతీయ భూగోళమును ప్రకటించిన స్పేటు పండితుడును రెండవ ప్రపంచయుద్ధమునకు ముందు అచ్చటనే బోధించెను. మా తాతగారు మిల్లులో బియ్యపు బస్తాలు లెక్కించుచున్న ఊరిలోనే ఆసియాను పుస్తకములలోనికెక్కించిన ఇద్దరును తిరుగాడిరి.

1936 ఏప్రిల్ 1వ తేదీన ఒరిస్సా రాష్ట్రమేర్పడగా గంజాము మద్రాసు రాష్ట్రమునుండి అందు చేరెను. సరిగా ఏడాదికి, 1937 ఏప్రిల్ 1వ తేదీన, బర్మా భారతదేశమునుండి విడిపోయెను. మా తాతగారు రంగూనునుండి కదలలేదు. మా నాయనమ్మ బరంపురమునుండి కదలలేదు. ఒక్క సంవత్సరములో ఆమె యున్నచోట రాష్ట్రము మారినది, ఆయన యున్నచోట దేశమే మారినది. 1942లో జపానువారు రాగా ఆయన అరకాను త్రోవను కాలినడకను బయలుదేరి, ఎముకలగూడై ఇల్లు చేరిరి. 1943లో మిత్రరాజ్యములవారు తమ సేనావిభాగమునకు ఆగ్నేయాసియా యని పేరిడుటతో ఆ మాట లోకమున పాదుకొనెను. బర్మాలో మిగిలిన మనవారిలో పెక్కురు 1964 ప్రాంతమున, అంగళ్లు జాతీయము చేయబడిన పిదప, కట్టుబట్టలతో తిరిగివచ్చిరి. 1989లో మయన్మారని పేరు మార్చుకొనిన ఆ దేశము 1997లో ఆగ్నేయాసియా దేశముల కూటమిలో చేరినది. విచిత్రమేమనగా, అదే సంవత్సరమున నేడు బిమ్‌స్టెక్ అని పిలువబడు బంగాళాఖాత దేశముల కూటమిలోను చేరినది. కావున మా మనుమరాలి మాటకు బదులు ఇదియే: పుస్తకములోని హద్దు అబద్ధము కాదు, అది ఒక ప్రయోజనమునకు గీచినది. మరియొక ప్రయోజనమునకు మరియొక హద్దు గీయవచ్చును.

ఇట్టి చదువు వట్టి వర్ణనయేయని ఆక్షేపించినవారును గలరు. 1953లో షేఫరు అను పండితుడు, అన్నిచోట్లకును వర్తించు సూత్రములను కనుగొననిది శాస్త్రమెట్లగునని ప్రశ్నించెను. ప్రశ్న ఉచితమే. కాని తుపాను సూత్రము ఒక్కటియైనను దాని ఫలము తీరముతీరమునకును వేరు. 1999 అక్టోబరునాటి తుపానున ఒరిస్సాలో సుమారు 10,000 మంది మరణించిరి. 2008 మేలో నర్గీసు తుపాను ఐరావతి నదీముఖమును ముంచగా మృతులు, జాడ తెలియనివారు కలిసి 1,30,000కు మించిరి. 2013 అక్టోబరు 12వ తేదీన ఫైలిను మా గోపాలపురమువద్దనే తీరము దాటెను. ఆ రాత్రి మా వీథిలో చెట్లు కూలినవి, రేకులు గాలిలో ఎగిరినవి. అయినను సుమారు 10 లక్షల మందిని ముందే సురక్షిత స్థలములకు తరలించుటచే మృతుల సంఖ్య కొన్ని పదులతో నిలిచినది. గాలి లెక్కలతోపాటు, నేల ఎంత ఎత్తు, ఇండ్లు ఎట్టివి, దారులెచ్చట, ప్రభుత్వము మాట ప్రజలు విందురా అనునవి యెల్ల ఒక్కచోట చేర్చి చూచువారు కావలెను. ఆ పనియే ప్రాంతీయ భూగోళము.

ఇంతకును ఈ ప్రస్తావన మన సంఘమువారికేల? విశాఖపట్టణమునందలి చుట్టములు మా మనుమరాలిని “ఒరిస్సా పిల్ల” యందురు, కళాశాలలో ఆమె “తెలుగు పిల్ల.” చిన్ననాట ఈ రెండు మాటలకును ఆమె చిన్నబుచ్చుకొనెడిది. ఇప్పుడు “మీది ఏ ప్రాంతము?” అని ఎవరైన అడిగినచో, “భాషనుబట్టియా, పరిపాలననుబట్టియా, బజారునుబట్టియా?” అని నవ్వుచు తిరుగ ప్రశ్నించుచున్నది. బళ్లారిలోను, షోలాపురములోను, హోసూరులోను, యానాములోను మన పిల్లలు ఇట్టి ప్రశ్ననే ఎదుర్కొనుచుందురు. మనము ఎవరి ప్రాంతమునకును అంచుకు తగిలించిన పేలికలము కాము. సంధి మండలముననున్నవారికి రెండు ప్రక్కల భాషయు తెలియును, రెండు ప్రక్కల కష్టమును తెలియును.

ఇప్పుడామె ఎం.ఏ. చదువుదునని కోరుచున్నది. ఒక మంచి సంబంధమును వచ్చియున్నది. ఇంట తర్జనభర్జనలు పది దినములు సాగినవి. ఆమె తల్లి భయము మాకు తెలియకపోలేదు. చివరకు, పెండ్లివారు రెండేండ్లు ఆగుదురేని సంతోషము, ఆగరేని వేరొక సంబంధము రాకపోదు, జీతపు సొమ్ము మా పింఛనునుండి ఇత్తుమని చెప్పితిమి. పెండ్లివారు ఇంకను బదులు వ్రాయలేదు.

సోదర కుటుంబములకు ఒక్క విన్నపము. మీ పిల్లలెవరైన ఈ చదువు కోరినచో పేర్ల పట్టికయని త్రోసివేయకుడు. మీ అటకలమీద రంగూను జాబులు, స్టీమరు రసీదులు, మిల్లు చీటీలు ఏవైన మిగిలియున్నచో చెదలపాలు చేయకుడు. వానిని పిల్లల చేతికిచ్చి, ఆ ఊళ్లు పటములో ఎచ్చట నున్నవో, మనవారు అచ్చటికి ఏల పోయిరో వెదకుమనుడు.