తిలంగా

1857లో ఢిల్లీ జనం తిరుగుబాటు సిపాయిల్ని 'తిలంగీలు' అనేవారు. వాళ్ళలో ఎక్కువమంది అవధ్, బీహార్ ప్రాంతాల వాళ్ళు, తెలుగు ముక్క రానివాళ్ళు. అయినా ఆ పేరెందుకంటే, అంతకు వందేళ్ళ ముందు ఈస్టిండియా కంపెనీ బెంగాల్‌కి తీసుకెళ్ళిన సిపాయిల్లో మన తీరం వాళ్ళున్నారు. ఆ పిలుపు కంపెనీ బట్టలేసుకున్న ప్రతివాడికీ అంటుకుంది. మన పేరు ఉత్తరాదిలో 'జీతానికి యుద్ధం చేసేవాడు' అనే అర్థంలో చెలామణీ అయిందన్నమాట. దీనికి గర్వపడాలో సిగ్గుపడాలో నాకిప్పటికీ తేలలేదు.

ప్రైవేట్ సైన్యం అనగానే బ్లాక్‌వాటర్, వాగ్నర్ గుర్తొస్తాయి. మా చోడవరం వాళ్ళం అంత దూరం వెళ్ళక్కర్లేదు. అనకాపల్లి దాటితే కశింకోట. 1758 నవంబర్‌లో కల్నల్ ఫోర్డ్ తెచ్చిన కంపెనీ దళం, విజయనగరం ఆనందగజపతి సైన్యం కలుసుకున్నది అక్కడే. బేరం సూటిగా ఉంది: ఖర్చులకి రాజు నెలకి 50,000 రూపాయలు, ఆఫీసర్లకి మరో 6,000 ఇవ్వాలి. డిసెంబర్‌లో చందుర్తి దగ్గర ఫ్రెంచివాళ్ళు ఓడారు. గెలిచాక రాజు డబ్బు దగ్గర నసిగాడు, దండు వారాల తరబడి ముందుకి కదల్లేదు. 36 ఏళ్ళ తర్వాత, 1794 జూలై 10న, పేష్కష్ బకాయిల గొడవలో పద్మనాభం దగ్గర చిన విజయరామరాజుని చంపింది ఆ కంపెనీ సైన్యమే. అద్దెకి తెచ్చుకున్న కత్తికి యజమాని మొహం గుర్తుండదు.

జీతం తీసుకోవడం తప్పని నేననను. జీతం తీసుకోని సైనికుడెవడు? అసలు పేచీ జవాబుదారీ దగ్గర. 2007 సెప్టెంబర్ 16న బాగ్దాద్ నిసూర్ కూడలిలో బ్లాక్‌వాటర్ గార్డులు 17 మంది పౌరుల్ని కాల్చి చంపారు. విదేశీ కాంట్రాక్టర్లకి ఇరాక్ చట్టం వర్తించదని అమెరికా పాలకులు ముందే ఉత్తర్వు రాసిపెట్టుకున్నారు. ఏళ్ళ తర్వాత అమెరికా కోర్టులో నలుగురికి శిక్ష పడితే, 2020 డిసెంబర్‌లో ట్రంప్ క్షమాభిక్ష పెట్టాడు. 1977 నాటి జెనీవా ప్రోటోకాల్ కిరాయి సైనికుడికి యుద్ధఖైదీ హక్కు లేదంటుంది. కానీ ఎవరు కిరాయి సైనికుడో చెప్పే నిర్వచనం ఎంత ఇరుకంటే, కంపెనీల మనుషులు చాలామంది అందులో పట్టనే పట్టరు.

ఇదంతా నాకు పుస్తకాల గొడవగానే ఉండేది, మా పిన్ని కొడుకు ఫోన్లో ఓ ఏజెంటు మెసేజ్ చూపించేదాకా. వాడు మూడేళ్ళు తెల్లారుజామున రోడ్డు మీద పరిగెత్తాడు. అగ్నివీర్‌కి రెండుసార్లు వెళ్ళాడు, ఎంపిక కాలేదు, 21 దాటిపోయింది. "విదేశంలో సెక్యూరిటీ ఉజ్జోగం అన్నియ్యా, నెలకి రెండు లచ్చలు. ఎవడి గేటు కాడ నిలబడితే ఏటి?"

హైదరాబాద్ కుర్రాడి సంగతి చెప్పాను. హెల్పర్ ఉద్యోగమని ఏజెంట్లు రష్యా పంపితే, యుద్ధంలో తేలాడు. అతను చనిపోయాడని 2024 మార్చి 6న మాస్కోలోని మన ఎంబసీ ప్రకటించింది. అక్కడ కాంట్రాక్టు ప్రైవేట్ కంపెనీతో కాదు, రష్యా సైన్యంతోనే. కానీ మనిషిని ఇక్కడ కొని అక్కడ అప్పజెప్పింది ప్రైవేట్ బేరమే. అదే నెల సీబీఐ ఆ ఏజెంట్ల మీద మనుషుల అక్రమ రవాణా కేసు పెట్టింది.

వాడు కాసేపు మాట్లాడలేదు. "మరిక్కడేటి సెయ్యమంటావ్?" అన్నాడు. దానికి నా దగ్గర సమాధానం లేదు. యుద్ధం వద్దని చెప్పడం తేలిక, రెండు లక్షలకి బదులు చూపించడం కాదు. అగ్నివీర్ కిరాయి సైన్యం కాదు, నాకు తెలుసు. కానీ 2026 చివరి నుంచి తుపాకీ పట్టడం నేర్చిన కుర్రాళ్ళు, నలుగురిలో ముగ్గురు చొప్పున ఇళ్ళకి వచ్చేస్తారు. ఇలాంటి మెసేజ్‌లు వాళ్ళనీ వెతుక్కుంటూ వస్తాయి.

గుమ్మంలో చిక్కుడుకాయలు ఒలుస్తున్న పిన్ని మా మాటల మధ్యలో రాలేదు. చివర్లో మాత్రం ఒక్కటి అడిగింది.

"మిలిట్రీ అయితే జెండా కప్పి తెత్తారు. దీన్లో ఆడికేటైనా అయితే నాకు పోను సేసేదెవుడ్రా?"