మంచుమీద ఓనమాలు

తెలుగులో ఎమ్మే చదివి, ఇరవై యేళ్ళుగా కాలేజీలో ఛందస్సు చెప్పుకుంటున్న నలభైఆరేళ్ళ మనిషి, రెండు కాళ్ళూ ఒకే చెక్కకు బిగించుకొని మంచుకొండమీదినుంచి జారడమేమిటని మీరు అడగవచ్చు. తప్పు నాది కాదు. ఇంజనీరింగు చదువుతున్న మా అమ్మాయి స్నోబోర్డు నేర్చుకుంటానన్నది. "పిల్లను ఒక్కదాన్నే కొండమీద వదిలేస్తారా?" అన్నది వాళ్ళమ్మ.

అలా 2024 ఫిబ్రవరిలో ముగ్గురమూ గుల్‌మార్గ్ చేరాము. టంగ్‌మార్గ్‌లో కారు చక్రాలకు ఇనుప గొలుసులు చుట్టారు. అక్కడినుంచి పదమూడు కిలోమీటర్లు ఎక్కితే, సుమారు 2,650 మీటర్ల ఎత్తున గిన్నెలాంటి మైదానం. పూర్వం దీన్ని గౌరీమార్గ్ అనేవారట. ఇప్పటి పేరులో "గుల్" అంటే పువ్వు. మేము వెళ్ళేసరికి పూలూ లేవు, మార్గమూ లేదు, అంతా మంచే.

మా గురువుగారు స్థానికుడు, పాతికేళ్ళవాడు. నా విద్యార్థులకంటే నాలుగైదేళ్ళు పెద్ద, అంతే. ఆయన నన్ను "సర్‌జీ" అన్నాడు, నేను ఆయన్ను "ఉస్తాద్" అన్నాను. పలకరింపులు కాగానే వెనకనుంచి నన్నొక్క తోపు తోశాడు! తూలి కుడికాలు ముందుకు వేశాను. అదే పరీక్షట. ఎడమకాలు ముందుంచేవాళ్ళు రెగ్యులర్, కుడికాలువాళ్ళు గూఫీ. ఇంగ్లీషులో ఆ మాటకు తిక్కమనిషి అనే అర్థమూ వుందని మా అమ్మాయి ఎంతో సంతోషంగా వివరించింది.

మొదటి పాఠం నిలబడడం కాదు, పడడం. ముందుకు పడితే పిడికిళ్ళు ముడిచి మోకాళ్ళమీదా ముంజేతులమీదా వాలాలి. వెనక్కు పడితే గడ్డం గుండెకు ఆనించి కూలబడాలి. అరచెయ్యి మాత్రం చాచకూడదు. కొత్తవాళ్ళకు ఎక్కువగా విరిగేది మణికట్టే. ఇక జారేటప్పుడు కొండవైపు అంచే మంచును కొయ్యాలి. లోయవైపు అంచు తగిలిందా, ఎవరో లాగి విసిరినట్లు పడతాము. ఆ రోజు నా పతనాలను ముప్ఫైరెండుదాకా లెక్కపెట్టి, మా ఆవిడ విసిగి కహ్వా తాగడానికి వెళ్ళిపోయింది.

ఈ ఆట పుట్టుక కూడా సంసారపక్షంగానే వుంది. 1965లో అమెరికాలోని మిచిగన్‌లో షెర్మన్ పాపెన్ అనే ఆయన, కూతుళ్ళు ఆడుకోవడానికి రెండు స్కీలను జతచేసి బిగించాడు. దానికి "స్నర్ఫర్" అని పేరు పెట్టింది ఆయన భార్య. 1998 నాగానో నాటికి అది ఒలింపిక్ క్రీడ అయింది.

నాలుగోరోజు గురువుగారు, "ఈవేళ ఆలీ" అన్నాడు. మా ఆవిడ ఉలిక్కిపడి చూసింది. ఇది ఆ ఆలి కాదు. 1970లలో ఫ్లోరిడాలో చక్రాల బోర్డుమీద చేతులు వాడకుండా ఎగరడం కనిపెట్టిన ఆలన్ గెల్ఫాండ్ ముద్దుపేరు. పద్ధతి వినడానికి సులువే. బరువు వెనక కాలిమీదికి జరిపి, ముందుకాలు పైకి లాగాలి. బోర్డు తోక విల్లులా వంగుతుంది. అది విడివడే క్షణంలో ఎగిరి, వెనక కాలునూ లాక్కొని, మోకాళ్ళు వంచి రెండు పాదాలమీదా సమంగా దిగాలి.

నేను విల్లు వంగకముందే ఎగిరేవాణ్ణి. ఎగిరినంతసేపూ పట్టకుండా పడేవాణ్ణి.

గురువుగారు మొదట నోటితో చెప్పాడు. తర్వాత నా రెండు చేతులూ పట్టుకొని వూగించాడు. అదీ కుదరకపోతే, "ఎగరనే వద్దు, తోకను వంచి చూడండి, చాలు" అని నిలబడ్డచోటనే ఇరవైసార్లు వంచిపించాడు. అప్పుడు తెలిసింది, నా కాలికింద చెక్క బిగుసుకోవడం ఎలా వుంటుందో.

నాలుగేళ్ళ క్రితం నా క్లాసులో ఒక కుర్రవాడు ఉత్పలమాల పాదానికి గణవిభజన చెయ్యలేక నల్లబల్ల దగ్గర నాలుగుసార్లు తడబడ్డాడు. నాలుగుసార్లూ నేను అదే వాక్యం, కొంచెం గొంతు పెంచుతూ చెప్పాను. చివరకు, "నీకిది రాదు, కూర్చో నాయనా" అన్నాను. క్లాసంతా నవ్వింది. ఆ తర్వాత వాడు నా క్లాసుకు రాలేదు. ఆ రాత్రి హోటలు గదిలో, వీపుకు మందు రాయించుకుంటూ వాడి పేరు జ్ఞాపకం చేసుకోవాలని చూశాను. రాలేదు.

టీ తాగుతూ గురువుగారు తన సంగతి చెప్పాడు. ఆ జనవరిలో గుల్‌మార్గ్‌లో మంచు బదులు ఎండుగడ్డి కనిపించింది. వస్తామన్నవాళ్ళు మానుకున్నారు. నెల చివర్లో గాని మంచు పడలేదు. ఏడాది సంపాదనంతా ఈ మూడు నెలలదే. "పొద్దున్నే తలుపు తీసి ఆకాశం చూడడమే పని, సర్‌జీ," అన్నాడు నవ్వుతూనే. మరుసటి యేడు, 2025లో, అక్కడ ఫిబ్రవరిలో జరగవలసిన ఖేలో ఇండియా శీతాకాలపు పోటీలను మంచు చాలక మార్చికి జరిపారని చదివినప్పుడు ఆ నవ్వే కళ్ళముందు కనిపించింది.

చివరిరోజు మధ్యాహ్నం తోక వంగింది. విడివడింది. నేను లేచాను! జానెడు ఎత్తేమో, అంతకు తక్కువేమో. రెండు పాదాలమీదా దిగి, పడకుండా పది గజాలు జారి, ఎవరైనా చూశారా అని వెనక్కు తిరిగాను. మా ఆవిడ శాలువాలో ముఖం దాచుకొని వున్నది. మా అమ్మాయి ఫోను చలికి ఆరిపోయిందట. చూసినవాడు గురువుగారొక్కడే. చప్పట్లు కొట్టలేదు. చేత్తో పైకి చూపించి, "ఫిర్ సే, సర్‌జీ, మళ్ళీ" అన్నాడు.