పాండిచ్చేరిలో ఆకలి వేసినప్పుడు

సెలవులలో పిల్లలతో పాండిచ్చేరి వెళ్లదలచిన పాఠకులకు ఒక మాట. మన యానాం కూడా ఆ ప్రభుత్వం క్రిందిదే. 1954 వరకు రెండూ ఫ్రెంచివారి చేతిలో ఉండేవి. అయితే యానాం రుచులు అక్కడ ఆశించరాదు.

సముద్రపు ఒడ్డున ఫ్రెంచి వీధులలో పసుపు గోడలు, కాగితంపూల తీగెలు చూచి ముచ్చటపడి, మేము ఒక పాత బంగళా హోటలులోనికి వెళ్లాము. ధరల పట్టిక సరిగా చూడలేదు. పిల్లలు అడిగినవన్నీ తెప్పించాము. తీరా బిల్లులో పన్నుతోపాటు సర్వీసు ఛార్జీ కూడా వేశారు. జేబులోని డబ్బు చాలలేదు! మా శ్రీమతి తిరుగు ప్రయాణానికని విడిగా దాచిన డబ్బు మారుమాటాడక తీసి ఇచ్చారు. ఆ మౌనమే మాకు బరువైంది. సర్వీసు ఛార్జీ తప్పనిసరి కాదని, అడిగి తీయించుకోవచ్చునని 2022లోనే కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ చెప్పిన సంగతి తరువాత తెలిసింది.

ఫ్రెంచిపేటకూ తమిళపేటకూ నడుమ ఒక పెద్ద కాలువ ఉన్నది. మరునాటి నుండి మా భోజనం కాలువకు ఇవతలే. నెహ్రూ వీధిలోని ఇండియన్ కాఫీ హౌస్ కార్మికుల సహకార సంఘం వారిది. అక్కడ దోసె, కాఫీతో ఉదయం గడిచిపోయేది. మధ్యాహ్నం అరిటాకులో సాంబారు, రసం, కూటు, పొరియల్. మా పెద్దబ్బాయి గోంగూర అడిగితే వడ్డించే ఆయన నవ్వి, మరికొంత అప్పడం వేశాడు.

ఇంటికి వచ్చాక ఏ భోజనం బాగుందని పిల్లలను అడిగాము. ఆ బంగళాలోదే అన్నారు!