కరీరోడ్డు దిగి, పావు మీద ఖీమా

కల్యాణ్‌లో స్లో బండి ఎక్కితే కరీరోడ్డుకు గంటకు పైనే పడుతుంది. ఫాస్ట్ బండ్లు అక్కడ ఆగవు. దాదర్‌లో దిగి మారొచ్చు గాని, డెబ్బై తొమ్మిదేండ్ల అవ్వను పట్టుకొని దాదర్ మెట్లు ఎక్కి దిగడం నా వల్ల కాదు. అందుకని ఠాణా, ములుంద్, ఘాట్కోపర్, కుర్లా అన్నీ లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాం. అవ్వ కిటికీ పక్కన. ఆమెకు పొగ గొట్టాలు కనిపిస్తేనే బొంబాయి వచ్చినట్టు. ఇప్పుడు గొట్టాలు ఎక్కడో ఒకటీ అరా మిగిలినయ్. పరేల్ దాటంగనే, "ఇగ దిగుదామా" అని లేచింది. పేరు చదవడం రాదు, అయినా స్టేషన్ తప్పలేదు.

మేం పోయింది డిలైల్ రోడ్డు బీడీడీ చాళ్లకు. కాగితాల్లో ఎన్.ఎం. జోషి మార్గ్ అంటారు, మా నోట్లో ఇంకా డిలైల్ రోడ్డే. నేను పుట్టిన గది అది. 1920ల్లో బాంబే డెవలప్‌మెంట్ డిపార్ట్‌మెంట్ వాళ్లు కట్టించిన చాళ్లు. గది 160 చదరపు అడుగులు, సండాసులు వరండా చివర అందరికీ కలిపి. కరీంనగర్ జిల్లా నుంచి వచ్చిన మా బాపు అదే గదిలో ఉండి మిల్లులో సాంచాలు నడిపిండు. మొదట బదిలీ, తర్వాత పర్మినెంట్. భోంగా మోగితే మా చాళి అంతా లేచేది. మా అవ్వ ఇద్దరు ఒంటరి మిల్లు మనుషులకు పూట పూటకు డబ్బా కట్టేది. అట్లా ఖానావళి నడిపిన ఆడవాళ్లు గిర్ణ్‌గావ్‌లో వేలమంది ఉండేవారు. వాళ్ల కోసమే ప్రేమాతాయి పురవ్ 1975లో అన్నపూర్ణ మహిళా మండలం పెట్టింది. మా అవ్వ అందులో చేరలేదు. చేరి ఉంటే బాగుండేదని ఇప్పుడంటుంది.

ఇప్పుడా గదిలో మా అన్నా వదినా ఉంటారు. చాళ్లు కూలగొట్టి టవర్లు కడుతున్నారు. 160 అడుగుల గదికి బదులు 500 అడుగుల ఇల్లు వస్తుంది. అన్న వాళ్ల బిల్డింగ్ ఖాళీ చేసే వంతు వచ్చింది. గది బాపు పేరు మీద ఉంది, బాపు లేడు. కాబట్టి అన్న పేరుకు మారాలంటే చెల్లెకు అభ్యంతరం లేదని రాసిచ్చిన కాగితం కావాలన్నారట. ఈ సంగతి అన్న ఫోన్లో సగం చెప్పి సగం మింగిండు. "అవ్వను తీసుకొని ఒకపారి రా చెల్లె, గది చూసి పో" అన్నడు. అన్నకు సుట్టీ బుధవారం. ఒకప్పుడు మిల్లున్న జాగాలో లేచిన టవర్ కాడ సెక్యూరిటీ పని ఆయనది.

బుధవారం అంటే పండుగ కాదు, ఆదివారం కాదు. వదిన రెండిళ్లల్లో వంట చేసి ఆరున్నరకు గాని ఇంటికి రాదు. "ఏం హైరానా పడకు, ఇంత చారు పెట్టు చాలు" అన్నా. ఆమె నవ్వి సంచీ దించింది. సంచీలో అరకిలో ఖీమా, రెండు లాదీల పావు.

పావు చూడంగనే అవ్వ మొహం తిప్పుకుంది.

ఈ పావు కథ మీకు చెప్పాలె. 1982 జనవరి 18న సమ్మె మొదలయినప్పుడు నాకు పదకొండేండ్లు. దత్తా సామంత్ పేరు మా చాళిలో పిల్లగాళ్లకు కూడా తెలుసు. రెండున్నర లక్షల మంది పని బంద్ పెట్టిండ్రు. నెల, రెండు నెలలు అనుకున్నది ఏడాది దాటింది. అవ్వ దగ్గర తినే ఇద్దరూ ఊళ్లకు పోయిండ్రు, డబ్బా పైసలు పోయినయ్. కిరాణా ఆయన ఉద్దెర ఆపిండు, బేకరీ ఆయన మాత్రం కొన్నాళ్లు ఆపలేదు. రాత్రి పూట ఒక లాదీ పావు, పాలు లేని చాయ్. తలా రెండు పావులు. చాయ్‌లో ముంచితే ముక్క తెగి గిలాసలో పడేది, ఏలుతో తీసుకొని తినేది. కొన్ని నెలలు మా రాత్రి బువ్వ అదే. 1984లో బాపు భివండికి పోయి పవర్‌లూమ్‌లో పన్నెండు గంటల పాళీ పట్టుకున్నడు, వెంట మేమూ పోయినం. మొదటి వారం పగారు చేతికొచ్చిన రోజు అవ్వ జొన్నరొట్టెలు చేసి, "ఇగ నా ఇంట్ల రాత్రి పూట పావు రావద్దు" అన్నది. అప్పటి నుంచి రాలేదు. పొద్దున చాయ్‌లోకి వచ్చేది గాని, రాత్రికి రాలేదు. అన్న మాత్రం గది కాపాడుకుంట ఇక్కడే ఉన్నడు. ఆయనకు పావు రోజూ తిండే.

వదినకు ఈ కథ తెల్వదని కాదు. తెలిసీ తెచ్చింది. ఎందుకంటే ఆ పొద్దు ఆమె చేతిలో ఉన్నది ముప్పావు గంట, తినేవాళ్లు ఆరుగురు.

ఖీమా దున్నది. మా ఇంట్లో పెద్దకూర తింటారు, దాచుకునేదేం లేదు. చిన్నప్పుడు పక్క గదివాళ్లకు మటన్ అని చెప్పేవాళ్లం. మహారాష్ట్రలో 2015 నుంచి ఆవుతో పాటు ఎద్దు కోత కూడా బంద్, దున్నకు అడ్డు లేదు. మీ ఇంట్లో తినకపోతే మటన్ ఖీమాతో చెయ్యండి, కోడి ఖీమాతో చెయ్యండి, పద్ధతి ఒకటే. దున్న ఖీమా ఉడకడానికి ఇంకొంచెం సేపు పడుతుంది, అంతే.

ఆమె చేసింది నేను పక్కన నిలబడి చూసిన. ఖీమాను జల్లిలో వేసి ఒక్కసారి కడిగి, నీళ్లు పూర్తిగా కారేదాకా అట్లే ఉంచింది. నీళ్లుంటే ఖీమా వేగదు, తన నీళ్లలో తనే ఉడికి వాసనొస్తది అంటుంది. కుక్కర్లో రెండు గరిటెల నూనె, మూడు ఉల్లిగడ్డలు సన్నగా తరిగి ఎర్రగయ్యేదాకా వేయించింది. అల్లం ఎల్లిగడ్డ ముద్ద పెద్ద చెంచా. తర్వాత ఖీమా. ఇక్కడ ఆమె తొందరపడలేదు. ఉండలు కట్టకుండా గరిటె అంచుతో పొడుచుకుంటూ, ఎరుపు పోయి మట్టిరంగు వచ్చేదాకా పెద్ద మంట మీద తిప్పింది. పసుపు, రెండు చెంచాల కారం, ధనియాల పొడి, ఉప్పు, రెండు టమాటలు. ఆలుగడ్డ ఒకటి చిన్న ముక్కలు చేసి అందులోనే వేసింది. అరకిలో ఆరుగురికి రావాలంటే ఆలుగడ్డ ఉండాలె, అందులో సిగ్గేముంది. అరగ్లాసు నీళ్లు పోసి మూత పెట్టి ఐదు సీటీలు. మటన్‌కు మూడు చాలట.

మూత తీస్తే నీళ్లు నీళ్లుగా ఉంది. నేనైతే అట్లే వడ్డించేదాన్ని. ఆమె పుట్నాలు రెండు పిడికిళ్లు మిక్సీలో పొడి చేసి, ఆ పొడి చల్లి, మంట పెంచి దగ్గరికి చేసింది. ఐదు నిమిషాల్లో ఖీమా గరిటెకు అంటుకునేంత గట్టిపడింది. ఆఖరుకు గరం మసాల, కొత్తిమీర. పుట్నాల పొడి మన కూరల్లో మన అమ్మలు వేసేదే, పావు కోసం వేయాలన్న తెలివి నాకెప్పుడూ రాలేదు. ఖీమా పలుచగా ఉంటే పావు పీల్చుకొని మెత్తబడుతుంది, చేతికెత్తంగనే విరుగుతుంది.

ఇగ పావు. హోటళ్లల్లో ఖీమా ఓ ప్లేటులో, పావు ఓ ప్లేటులో ఇస్తారు, ముంచుకొని తినాలె. వదిన పావును అడ్డంగా కోసి రెండు చేసింది. పెంక మీద చుక్క నూనె రాసి, కోసిన వైపు కింద పెట్టి గరిటెతో అదిమింది. తెల్లటి మొహం ఎర్రబడి పెళుసయింది. ఆ మొహం పైకి పెట్టి, దాని మీద పెద్ద చెంచా ఖీమా పరిచి, చిన్న మంట మీద రెండు నిమిషాలు మూత. పైన పచ్చి ఉల్లిగడ్డ, నిమ్మకాయ పిండింది. మీద ఇంకో పావు మూత లేదు. అందుకే ఒక పావు రెండయింది, కంచం నిండుగా కనిపించింది. చిన్నదాని చేతికి ఒకటిస్తే అది వరండాలోకి పోయి నిలబడి తింటోంది, మళ్లీ కంచం కడిగే పని లేదు.

ఏడుంబావుకు అందరి ముందర కంచాలున్నయ్. అవ్వ తన కంచంలో ఖీమా మాత్రం ఏలుతో తీసుకొని తిన్నది. పావు అట్లే ఉంది. ఎవరం ఏమీ అనలేదు. వదిన పెంక మీద రెండో వాయి పెట్టి వెనుదిరిగే ఉంది. కొంతసేపటికి అవ్వ పావు అంచు విరిచింది. అది కరకరమంది.

"కాలిస్తె గిట్లయితదా?"

"అయితది అత్తమ్మా."

"అప్పుడు పెంక పెట్టెటందుకు గ్యాస్‌నూనె ఏడిది" అన్నది అవ్వ, మమ్మల్ని కాదు, కంచాన్ని చూస్తూ. ఒకటి తిన్నది. ఇంకొకటి అడిగి తిన్నది. ఆమెకు ముందు పండ్లు లేవు. మెత్తటి పావు, మెత్తటి ఖీమా, అంచు మాత్రం చాయ్‌లో ముంచుకుంది.

కంచాలు తీసినంక అవ్వే అన్నది, "ఆ కాగితమేందో బయటికి తియ్యిరా" అని. అన్న బియ్యం డబ్బా మీది నుంచి తీసిండు. మరాఠీలో టైపు చేసి ఉంది. నేను మున్సిపల్ బడిలో మరాఠీ చదివిన, చదవగలను. ఈ గది మీద నాకు ఏ హక్కూ లేదు, ముందు ముందు అడగను అని ఉంది. ఇల్లు కావాలని నేను పోలేదు. అన్నకు ఈ గది తప్ప ఏం లేదని నాకు తెలుసు. కాని బాపు ఆఖరి రెండేండ్ల మందులు నా ఇంట్లో అయినయ్, తొమ్మిదేండ్లుగా అవ్వ నా దగ్గరుంది. "ఏ హక్కూ లేదు" అన్న మాట కాడ కండ్లు ఆగిపోయినయ్. అన్న పెన్ను ఇవ్వలేదు. ఇచ్చి ఉంటే చేసేదాన్నేమో, లేకపోతే కోపమొచ్చేదేమో. "ఇంటికి కొంటవోయి చదువు. నెలాఖరు దాక టైముంది" అన్నడు.

తొమ్మిది గంటల బండికి బయలుదేరినం. వరండాలో సగం గదులకు తాళాలు. మా మెట్ల కింద ఒకప్పుడు పావు అమ్మేటాయన సైకిల్ నిలిపే చోట సిమెంటు సంచులున్నయ్. ఆయనకు పావు పోసే బేకరీలో ఇంకా కట్టెల బట్టీయే ఉందట. కట్టెలు, బొగ్గు మానుకొని గ్యాసుకో కరెంటుకో మారాలని బేకరీలకు హైకోర్టు 2025 జనవరిలో చెప్పింది. గ్యాసు పావు రుచి వేరుంటదని అన్న బాధ. నాకైతే పెంక మీద కాల్చినంక తేడా తెలిసేటట్టు లేదు.

బండిలో అవ్వ ములుంద్ దాకా నిద్రపోయింది. లేచి, "పుట్నాలు ఎన్ని పోసింది?" అని అడిగింది.

ఆ తర్వాత మా ఇంట్లో మూడు సార్లు చేసిన. మా ఆయన పగటి పాళీ దిగి ఎనిమిదికి వస్తాడు, కొడుకు రాత్పాళీకి ఎనిమిదికే పోతాడు. ఆ పది నిమిషాల్లో ఇద్దరూ ఒకచోట తినేది ఇదొక్కటే. ఖీమా మధ్యాహ్నమే చేసిపెడితే రాత్రికి పెంక పని మాత్రమే. ఒకసారి పుట్నాలు ఎక్కువై లడ్డులెక్క అయింది, కొంచెం వేడినీళ్లు చల్లి సర్దిన.

కాగితం బీరువాలో నా చీరెల కింద ఉంది. నిన్న అన్నకు ఫోన్ చేసిన. అవ్వ ఉన్నన్నాళ్లు కొత్త ఇంట్లో ఆమెకు పడక ఉంటుందని, మేమొస్తే ఉండొచ్చని అందులో ఒక వాక్యం రాయించుకొని రా, సంతకం చేస్తా అన్న. కాసేపు మాట్లాడలేదు. తర్వాత వచ్చే బుధవారం వస్తానన్నడు. రెండు లాదీలు అక్కడి నుంచే తెమ్మని చెప్పు అని అవ్వ పక్కనుంచి అరిచింది.